తుమ్మికూరలో ఉమ్మెత్త

మా దవాఖానా వెనక, ఆక్సిజన్ సిలిండర్లు దించే చోట, గోడ వారన ఒక ఉమ్మెత్త మొక్క ఉండేది. ఏటా వానాకాలంలో ఎవరో ఒకరు పీకేసేవారు. ఏటా మళ్లీ మొలిచేది. సాయంత్రం డ్యూటీకి వచ్చేసరికి తెల్లటి పూలు బూరల్లాగా విచ్చుకుని ఉండేవి. ఆ పువ్వు కోసి శివుడి పటానికి పెట్టిన ఆయమ్మలు ఉన్నారు. దాని పక్క నుంచి పోతే తల తిరుగుతుందని చుట్టూ తిరిగి వచ్చిన కాంపౌండర్లూ ఉన్నారు. నేను మాత్రం మాటలు లేని తోటికోడలిని చూసినట్టు చూసి, పలకరించకుండా పోయేదాన్ని.

ఉప్పల్ వైపు ఒక సర్కారు దవాఖానాలో, క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా నా కొలువంతా గడిచింది. పుట్టింది పాత నాచారంలో. మా నాయన వరి పండించిన పొలంలో ఇప్పుడు గోదాములున్నాయి. ఉండేది రామంతాపూర్‌లో. కొత్తగా నర్సింగ్ చదివి వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, ఏ వార్డు మంచిది, బదిలీ ఎలా ఆపించుకోవాలి అని అడుగుతుంటారు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఉమ్మెత్త గురించి చెప్తాను. వాళ్లు ముఖాలు చూసుకుంటారు, ముసలామెకు చాదస్తం వచ్చిందని. రానివ్వండి. ఈ ఒక్క మొక్క నాకు నేర్పినంత ఏ పెద్ద డాక్టరూ నేర్పలేదు, ఏడిపించినంత ఏ రోగమూ ఏడిపించలేదు.

చంకలో చెయ్యి పెట్టి చూడు

నేను చేరినప్పుడు మా పెద్ద సిస్టరు ఈశ్వరమ్మ. కొత్త పిల్లలను తిట్టడంలో ఆమెకు ఎక్కువ తక్కువలు లేవు, అందరికీ సమానంగా పడేవి. తిట్టిన చేతితోనే తన డబ్బాలోని పచ్చడి మా అన్నంలో వేసేది. ఆమెతో పని చేసినన్నాళ్లూ భయపడ్డాను, పోయాక తల్లి పోయినట్టు ఏడ్చాను.

ఒకరోజు నాచారం ఫౌండ్రీలో పనిచేసే ఒకాయనను తోటి పనివాళ్లు ఆటోలో తెచ్చారు. గాలిలోంచి దారాలు తీస్తున్నాడు. లేని బీడీ వెలిగించుకుంటున్నాడు. గోడ మీద ఎవరో ఉన్నట్టు వాళ్లతో కొట్లాడుతున్నాడు. మా వైపు ఇలాంటి మనిషి వస్తే మొదట నోటికొచ్చే మాట కల్లు. కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాళ్లకు అది దొరక్కపోతే ఇలాగే మతి తప్పుతుంది, అలాంటి కేసులు మాకు కొత్త కాదు. డ్యూటీ డాక్టరు కల్లే అన్నాడు, మేమూ కల్లే అన్నాం, తెచ్చినవాళ్లూ తలూపారు. చేతులు మంచానికి కట్టి, దానికిచ్చే సూదులు ఇచ్చాం. మనిషి తగ్గలేదు సరికదా, ఒళ్లు పెనంలా కాలడం మొదలైంది.

డ్యూటీ మారి ఈశ్వరమ్మ వచ్చింది. ఏమీ అడగకుండా ముందు అతని నుదురు ముట్టుకుంది, తర్వాత చంకలో చెయ్యి పెట్టింది, తర్వాత నోరు తెరిచి చూసింది.

"కల్లు బందైనోనికి చెమటలు కారుతయి. వీనికి చంకల గూడ తడి లేదు," అంది. "చెట్టు మందేమన్న తిన్నడేమో ఇంటోళ్లను అడుగు, పో."

అడిగితే అతని భార్య చెప్పింది. ఏళ్ల తరబడి ఆయాసం ఉంది, ఎండిన ఉమ్మెత్తాకు బీడీలో చుట్టి పీలిస్తే తగ్గుతుందని ఎవరో చెప్పారు, రోజూ పీలుస్తున్నాడు, ఆరోజు ఊపిరాడక ఎక్కువ పీల్చాడు. ఆ మాట వినగానే డాక్టరుకు అంతా అర్థమైంది, వైద్యం మార్చాడు, మనిషి బతికాడు. కానీ మేము కట్టిన కట్ల గుర్తులు అతని మణికట్ల మీద చాలారోజులు ఉండిపోయాయి. ముందు పేరు పెట్టేసి తర్వాత మనిషిని చూడటం మా కొలువులో పెద్ద జబ్బు. దానికి మందు ఈశ్వరమ్మ చెయ్యి ఒక్కటే, అది ఇప్పుడు లేదు కాబట్టి మీ చెయ్యి పెట్టి చూడండి.

గుర్తుపెట్టుకోండి. నోరు ఎండిపోయి నాలుక చెక్కలా ఉంటుంది. కంటిపాప వెలుతురులో కూడా పెద్దగానే ఉంటుంది, చదవలేరు, దగ్గరి మనిషి మసకగా కనిపిస్తాడు. ముఖం ఎర్రబడుతుంది. ఒళ్లు వేడి, చెమట ఉండదు. గుండె పరిగెడుతుంది. పొట్ట కింద ఉబ్బి ఉంటుంది, మూత్రం రాదు. మాటలు పొంతన లేకుండా వస్తాయి, చేతులు గాలిలో ఏదో ఏరుతుంటాయి. ఇలా కనిపిస్తే ఇంట్లో చిట్కాలు వద్దు, కక్కించొద్దు, మజ్జిగ పట్టొద్దు. వెంటనే దవాఖానాకు తీసుకురావాలి, తిన్నదేదో దాని మిగులు కూడా వెంట తేవాలి. వచ్చాక మీ పని, గది చీకటి చేయడం, తడిగుడ్డలు వేయడం, అతనికి తెలిసిన ఒక్క గొంతును పక్కన ఉంచడం. పదిమంది పది వైపుల నుంచి పిలిస్తే ఉన్న మతి కూడా పోతుంది.

దేవుడి పువ్వు

ఇంత విషం ఉన్న చెట్టును ఎవరూ నరికి పారేయరెందుకని మీరు అడగొచ్చు. అది దేవుడిది. శివరాత్రికి కీసర గుట్ట ఎక్కేదారిలో మారేడు పక్కన ఉమ్మెత్త పూలూ కాయలూ పెట్టుకుని అమ్ముతారు. శివుడు విషం మింగినప్పుడు ఒంటి మీది చెమట చుక్క నేల మీద పడితే ఉమ్మెత్త మొలిచిందని మా నాయనమ్మ చెప్పేది. నర్సునయ్యాక ఆ కథ గుర్తొస్తే నవ్వొచ్చేది. చెమటలోంచి పుట్టిందట, తిన్నవాడికి చెమటే పట్టనివ్వదు.

నల్ల ఉమ్మెత్తకు ఇంకా ఎక్కువ పేరు. దాని కాడ ఊదారంగుగా ఉంటుంది. అమావాస్య ఆదివారం నాడు, తన నీడ చెట్టు మీద పడకుండా నిలబడి వేరు తవ్వి, పిల్లల మొలతాడుకు కడితే గాలి సోకదంటారు. గడపకు కడితే దిష్టి రాదంటారు. కట్టుకున్నంతవరకు నాకు పేచీ లేదు. పిచ్చికుక్క కరిస్తే దీని పసరు తాగించేవాళ్లున్నారు, వాళ్లతోనే నా పేచీ. పసరు ఒక చావు, సూది ఆలస్యం కావడం ఇంకొక చావు.

అన్నిటికంటే చెడ్డది, మందు పెట్టడమనే మాట. మొగుడిని కొంగుకు కట్టేసుకోవడానికి పెళ్లాం అన్నంలో ఉమ్మెత్త కలిపి పెడుతుందని మా వైపు గట్టి నమ్మకం. నిజంగా పెట్టినవాళ్లు ఉండొచ్చు. నా కొలువులో అనుమానంతో వచ్చినవాళ్లు కోకొల్లలు, పెట్టిందని తేలినవాళ్లు నాకు గుర్తులేరు. కొడుకు తల్లి మాట కాదని భార్య మాట వింటే, మందు పెట్టింది. అల్లుడు తన తల్లిని కాదని కూతురి మాట వింటే, అల్లుడు బంగారం. ఈ లెక్క నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

చెట్టును పట్టుకోవడం

ఉమ్మెత్తను వెతుక్కుంటూ అడవికి పోనక్కర్లేదు. జవహర్‌నగర్ పోయే రోడ్డు వెంట చెత్త పక్కన ఉంటుంది. ఉప్పల్‌లో అమ్ముడుపోని ప్లాట్లలో ఉంటుంది. నాలా గట్టున ఉంటుంది. నడుము ఎత్తు గుబురు. ఆకు అరచెయ్యంత, అంచు వంకరటింకరగా ఉంటుంది. ఆకు మొదట్లో ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి అతుక్కుని ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే ముక్కు తిప్పుకునే వాసన. పువ్వు పొడుగాటి బూర, సాయంత్రం విచ్చి మర్నాడు ఎండకు వాడిపోతుంది. కాయ గుండ్రం, ఒళ్లంతా ముళ్లు. లేత కాయను చూసి బోడకాకర అనుకున్నవాళ్లు ఉన్నారు, కానీ బోడకాకర తీగకు కాస్తుంది, ఇది నిలువుగా పెరిగే మొక్కకు కాస్తుంది. ఎండిన గింజలు మిరప గింజల పక్కన పెడితే తేడా చెప్పడం నాకే కష్టం. ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో కన్ను నలిపితే ఆ కంటి పాప పెద్దదై రెండు రోజులు మసకే. నాలుక మీద పెట్టి చూసే పని పెట్టుకోకండి. వండితే విషం పోతుందన్నమాట అబద్ధం.

ఇక తుమ్మి. ఇది మంచి మొక్క, మా తిండి. మోకాలి ఎత్తు కూడా పెరగదు. ఆకు సన్నగా వేలంత, కాడ నాలుగు పలకలుగా ఉంటుంది, వేళ్ల మధ్య తిప్పితే తెలుస్తుంది. కణుపు దగ్గర బంతిలాగా గుత్తి, అందులో చిన్న చిన్న తెల్లపూలు. వినాయక చవితినాడు మా ఇళ్లల్లో తుమ్మికూర తినాలి. తినకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, కానీ తింటారు.

రెండింటినీ పక్కపక్కన నిలబెడితే చిన్నపిల్లలైనా తేడా చెప్తారు. చిక్కు అక్కడ కాదు. చవితికి దేవుడికి ఇరవయ్యొక్క రకాల పత్రి పెట్టాలి, అందులో ఉమ్మెత్త ఒకటి. చవితి ముందురోజు ఉప్పల్ చౌరస్తాలో పత్రి, తుమ్మికూర ఒకే గోనెసంచి మీద పెట్టి అమ్ముతారు. ఒకే కవరులో వేసి ఇస్తారు. ఉమ్మెత్త చిగుర్లు ఇంకా విప్పుకోక సన్నగా ఉంటాయి. ఏరి, తరిగి, గిన్నెలో పడ్డాక ఏ ఆకైనా పచ్చగానే ఉంటుంది.

యాదగిరి

చవితి మధ్యాహ్నం యాదగిరిని తెచ్చారు. నాచారంలో ప్లాస్టిక్ పైపులు చేసే కంపెనీలో మిషన్ మీద పని. ముప్పై దాటలేదు. వాళ్లది పాత ఉప్పల్ కుటుంబం, భూమి ప్లాట్లయింది, ఇల్లు మిగిలింది. వెంట తల్లి అండాలమ్మ, తమ్ముడు, చెల్లెలు, భార్య స్వరూప. స్వరూపది జనగామ వైపు. పెళ్లై నాలుగైదేళ్లు, ఒక కొడుకు.

నేను చంకలో చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. అప్పుడు కొత్తగా చేరిన డాక్టరమ్మ నాకంటే ముందే కంటిపాపలు చూసింది. చిన్న వయసు, చురుకైన పిల్ల. "ఏం తిన్నాడు?" అని ఇద్దరం ఒకేసారి అడిగాం.

అడగడమే ఆలస్యం, చెల్లెలు నోరు విప్పింది. వదినె మందు పెట్టిందని. వారం కిందటే యాదగిరి వేరు కాపురం పెడతానన్నాడట. కంపెనీకి దగ్గర్లో గది కూడా చూశాడట. పుట్టి బుద్ధెరిగాక తల్లి మాట జవదాటని మనిషి అలా ఎలా అన్నాడు? పైగా ఆ రోజు కూర తిన్నది అతనొక్కడే. తల్లికి ఒక్కపొద్దు. పిల్లవాడు చేదని ముట్టలేదు, ఉండ్రాళ్లు తిని లేచాడు. తమ్ముడు దోస్తుల ఇంటికి పోయాడు. చెల్లెలు అత్తగారింటి నుంచి అప్పుడే వచ్చింది. వండిన స్వరూప మాత్రం ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"విషమని తెల్వకుంటే తినకుండ ఎందుకుంటది, సిస్టర్?" అంది చెల్లెలు.

ఆ ప్రశ్నకు జవాబు మా అందరి ఇళ్లల్లోనూ ఉంది. ఆడవాళ్లు ఆఖరున తింటారు. మొగుడు తిని చెయ్యి కడుక్కునేదాకా వడ్డిస్తూ నిలబడింది కాబట్టి ఆమె తినలేదు. ఆమె మర్యాదే ఆమె మీద సాక్ష్యమైంది.  స్వరూప గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతనినే చూస్తోంది.

తమ్ముడిని బండి మీద ఇంటికి పంపాం, మిగిలిన కూర, కూర ఏరిన చెత్త, ఉన్నవి ఉన్నట్టు తెమ్మని. ఆలోపు యాదగిరిని పట్టుకోవడం నలుగురికి చేతకాలేదు. ఖాళీ చేతులతో అన్నం కలుపుకుంటున్నాడు, లేని మిషన్ ఆపుతున్నాడు. నీళ్లతో తడిపిన గుడ్డ పెదవులకు పెట్టబోతే తల్లి చేతిని కొట్టేశాడు, చెల్లెలి చేతిని కొట్టేశాడు, నా చేతిని కొరకబోయాడు. స్వరూప గొంతు విని మాత్రం ఆగాడు. ఆమె పేరు తెలుసో లేదో కానీ, ఆమె అద్దిన తడి మాత్రం తీసుకున్నాడు. రెండు రోజులు అదే వరస. నేను అందరినీ బయటికి పంపి ఆమెను ఒక్కదాన్నే పక్కన ఉంచాను. చెల్లెలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

తమ్ముడు కవరు తెచ్చాడు. టేబుల్ మీద పాత పేపరు పరిచి గుమ్మరించాం. నాలుగు పలకల తుమ్మి కాడల మధ్య రెండు లావు కాడలు, నున్నగా, గుండ్రంగా. ఒకదానికి గోళీకాయంత ముళ్లకాయ ఇంకా అంటుకునే ఉంది. పత్రికి తెచ్చిన ఉమ్మెత్తలో దేవుడికి రెండు ఆకులు తీసి పెట్టారు, మిగిలింది కవరులో తుమ్మితో కలిసిపోయింది.

కూర ఏరింది ఎవరని అడిగితే అండాలమ్మ నేనేనంది. కొంచెం గర్వంగానే అంది. ఆ ఇంట్లో చవితి కూర ఏరడం ఆమె పని, కోడలికి ఇవ్వలేదు. డాక్టరమ్మ ముళ్లకాయ ఉన్న కాడను చేతిలో పట్టుకుని, ఇదేంటో చెప్పమని అడిగింది. నేను ఆమె కళ్లను అప్పుడు చూశాను. నల్లగుడ్ల మీద పాలపొర.

"తుమ్మి కాడ," అంది అండాలమ్మ.

 డాక్టరమ్మ దాన్ని ఆమె ముక్కు దగ్గర పెట్టింది. పొలాల్లో పెరిగిన మనిషి, వాసన తెలియకపోవడం ఏముంది.  అండాలమ్మ మెల్లగా నేల మీద కూర్చుంది. "నేను ఏరంగ గిది లేకుండె బిడ్డా," అంది. అబద్ధం చెప్పలేదు. ఆమె కళ్లకు నిజంగానే లేదు.

"మా అవ్వ యాభై యేండ్ల సంది కూర ఏరుతున్నది. ఎన్నడన్న గిట్లయిందా?" అంది చెల్లెలు. "కొత్తగ వచ్చిందెవరు మా ఇంట్ల?"

నేను గట్టిగానే మాట్లాడాను. ఇది ఆకు పొరపాటు, ఎవరి తప్పూ కాదు, ముందు మీ తల్లి కళ్లకు ఆపరేషన్ చేయించండి అని. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది, పోలీసాయన వస్తే ఆయనకూ చెప్పింది. ఆయన కాడలు చూసి, తలూపి, పోయాడు. కేసు లేదు. ఆ రోజు డ్యూటీ దిగి షేర్ ఆటోలో పోతూ, ఒక ఆడపిల్ల బతుకు నిలబెట్టాననుకున్నాను. నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

కడుపులోంచి తీసిన ఉండ

మూడోరోజు యాదగిరికి తెలివొచ్చింది. ఉమ్మెత్త తిన్నవాళ్లకు ఆ రోజులు గుర్తుండవు. ఎవరి గొంతు విని ఆగాడో, ఎవరి చేతి నీళ్లు తాగాడో ఒక్కటీ గుర్తులేదు. గుర్తులేని చోట మనవాళ్లు చెప్పిందే గుర్తు అవుతుంది. అతనికి ముందు చెప్పింది చెల్లెలు.

నేను కాడలు తెచ్చి మళ్లీ చూపించాను. అతను ఓపిగ్గా విన్నాడు, మర్యాదస్థుడు. అర్థమైందా అంటే అయిందన్నాడు. స్వరూప ఇంటి నుంచి జావ తెచ్చింది. గ్లాసు అందుకుని, పక్కన పెట్టి, తర్వాత తాగుతానన్నాడు. అది చల్లారిపోయింది. సాయంత్రం తల్లి తెచ్చిన జావ తాగాడు. చూపు లేక ఆకులు కలిపిన తల్లి చేతి జావ తాగాడు.

ఇంటికి పంపిన కొన్నాళ్లకు స్వరూప ఏదో సూది వేయించుకునే పేరు చెప్పి నా దగ్గరికి వచ్చింది. చెప్పుకోవడానికి ఎవరూ లేక వచ్చింది. కీసర అవతల మందు కక్కించేవాడు ఒకడు ఉన్నాడట, అక్కడికి తీసుకుపోయారట. వాడు ఏదో పసరు తాగించి, పొట్ట నొక్కి, కక్కించి, పళ్లెంలో నల్లటి ఉండ చూపించాడట. వెంట్రుకలు, ఆకు ముద్ద. ఇదే నీ పెళ్లాం పెట్టిన మందు అన్నాడట. వేళ్ల సందుల్లో దాచి తెచ్చే ఆ ఉండల సంగతి మాకు తెలుసు. కానీ మేము చూపించింది చెత్తకుప్పలోంచి వచ్చిన కాడ, వాడు చూపించింది కడుపులోంచి వచ్చిన ఉండ. కళ్లారా చూసినదాని ముందు మా మాట ఏం నిలుస్తుంది.

"ఆకని నాకు ఎరుకే, ఆయనకు ఎరుకే," అంది స్వరూప. "అయినా నా చేతి ముద్ద ముడ్తలేడు, సిస్టరమ్మ."

పుట్టింటికి పోతావా అన్నాను. పోతే నిజంగానే పెట్టిందంటారు కదా అంది. ఉంటే ఏమంటారో ఉండి చూస్తానంది. నా దగ్గర ఆమెకు ఇచ్చే మందు ఏదీ లేదు. టీ తెప్పించాను. తాగి వెళ్లిపోయింది.

పిల్లలూ, ఇక్కడ మీకు ఒక పాఠం చెప్పి ముగించాలని ఉంటుంది, కానీ నా దగ్గర అంత గొప్ప పాఠం లేదు. విషాన్ని ఒంట్లోంచి దించగలం. మనసులో పడ్డదాన్ని దించే సెలైను ఏ దవాఖానాలోనూ లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. మీరు నిజాన్ని కనిపెట్టగానే పని అయిపోయిందనుకోకండి. అలా అనుకుని నేను ఆ రోజు ఆటోలో హాయిగా ఇంటికి పోయాను.

ఉప్పల్ చౌరస్తా

రిటైరయ్యాక మొన్న చవితికి ముందురోజు పత్రి కోసం ఉప్పల్ పోయాను. మెట్రో స్తంభాల కింద గోనెసంచుల మీద పత్రి రాశులు, మట్టి గణపతులు, జనం. ఒకచోట పత్రి కట్టలు వేరే రకంగా ఉన్నాయి. ఉమ్మెత్తను విడిగా, ఎర్రదారంతో కట్టి, పక్కన పెట్టి ఉంచారు. తుమ్మికూర ఇంకో గుడ్డ మీద, రెండు చేతుల దూరంలో. అలా ఎవరూ అమ్మరు. తల ఎత్తి చూస్తే స్వరూప.

ముందు ఆమే నన్ను గుర్తుపట్టింది. జుట్టు నెరిసింది, మనిషి చిక్కింది. లేచి నిలబడి నా చేతులు పట్టుకుంది. మామూలు రోజుల్లో నాచారంలో ప్యాకింగ్ పనికి పోతుందట, చవితికి మాత్రం ఏటా ఇక్కడ కూర్చుంటుందట. కొనేవాళ్లు అడిగినా అడగకపోయినా ఒక్కొక్కరికీ చెప్తోంది, ఎర్రదారం కట్టింది దేవుడికే, కూరలో కలపొద్దని. వినేవాళ్లు విన్నారు, తొందరలో ఉన్నవాళ్లు అన్నీ ఒకే కవరులో వేయమన్నారు. ఆమె వేయలేదు. రెండో కవరు తనే ఇచ్చింది.

ఇంటి సంగతులు అడిగాను. అండాలమ్మకు కళ్ల ఆపరేషన్ స్వరూపే దగ్గరుండి చేయించిందట. ముసలామె చూపు వచ్చాక కొన్నేళ్లు బతికి, నిరుడు పోయిందట. పోయేముందు ఏమైనా అందా అని అడగబోయి ఊరుకున్నాను.

"యాదగిరి?"

"ఉన్నడు. కొట్టడు, తిట్టడు. జీతం తెచ్చి చేతికిస్తడు," అంది. "హోటల్ల తిని వస్తడు."

కొడుకు తింటాడా అని అడిగాను. తింటాడట. నాన్న ఇంట్లో ఉంటే మాత్రం ఆకలి లేదంటాడట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె చేతులు ఆగలేదు, తుమ్మి కట్టలు కడుతూనే ఉన్నాయి. నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, పత్రి ఏరుతున్నట్టు వంగాను.

ఎండ తిరిగింది. బేరాలు కాస్త తగ్గాయి. ఆమె సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచింది. అన్నం, పక్కన తుమ్మికూర. పొద్దున్నే కట్టలు కట్టగా మిగిలింది వండిందట. డబ్బా నా ముందుకు జరిపి, తింటారా అని అడిగింది. అడిగి, వద్దంటానేమోనని వెంటనే అటు చూసింది. నేను కుండలో నీళ్లతో చెయ్యి కడుక్కుని, గోనెసంచి మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఎన్నేళ్లయిందో ఆమె కొడుకుకు తప్ప ఇంకొకరికి వడ్డించి.

అన్నం కలిపాను. ముద్ద ఎత్తేముందు నా వేలు కూరను జరిపి, ఆకును విప్పి చూసింది. నేను చూడమనలేదు, కొలువంతా చేసిన పని వేలికి అలవాటైపోయింది. సన్నటి ఆకే, తుమ్మే. తల ఎత్తేసరికి స్వరూప నా వేలినే చూస్తోంది.

"చూసుకోన్రి సిస్టరమ్మ," అంది. "మంచిగ చూసుకొనే తినున్రి. నాకేం కాదు."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కూర రుచిగానే ఉంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఆమె మళ్లీ నా వైపు చూడలేదు. అటు తిరిగి, ఎవరికో పత్రి అందిస్తూ, ఎర్రదారం కట్టిన ఆకు వేరే కవరులో వేస్తూ చెప్తోంది.

"ఉమ్మెత్త యేరుగ కట్టిన, అక్కా. గిది దేవునికే."